నార్త్ వెర్‌సేల్స్

బుధవారం పొద్దున్న ఎనిమిది.
పిట్స్‌బర్గ్‌లో ఒక పాత ఆఫీసు, మూడో అంతస్తు,
బీరువా అంత గది, జానెడు కిటికీ.
ఎర్రదీపం వెలగ్గానే
ఊరి పేపరు పైకి చదువుతాను
చూపు లేనివాళ్ళ కోసం.
జీతం లేదు. పార్కింగ్ చీటీ మీద ముద్ర కొడతారు.

వాళ్ళ ఇళ్ళల్లో చిన్న రేడియో, ఒకటే స్టేషను,
ఒకటే మీట:
నన్ను వినడానికీ, నా నోరు మూయించడానికీ.

మొదటి వారమే ఫోను.
"అమ్మాయ్, అది వెర్సాయ్ కాదు.
వెర్సాయ్ రాజులది. మాది వెర్‌సేల్స్.
కొట్లో సేల్ పెడతారే, ఆ సేల్."
ఎమిల్ హ్రుష్కా, ఎనభై మూడేళ్ళు,
ఉక్కు మిల్లులో క్రేను నడిపినవాడు.
కళ్ళు పోయాయి గానీ ఊరు పోలేదు.
డూకేన్‌లో ఎస్ మింగెయ్యమన్నాడు,
కార్నేగీలో 'నే' దగ్గర కాస్త ఒరగమన్నాడు.

అప్పట్నుంచీ మార్జిన్లో పెన్సిల్‌తో
తెలుగులో రాసుకుంటాను.
ఇంగ్లీషు అక్షరం ముఖం మీదే అబద్ధమాడుతుంది.
మన అక్షరానికి అంత తెలివి లేదు,
పలికినట్టే పట్టుబడిపోతుంది.
చనిపోయినవాళ్ళ పేజీలో పోలిష్ తాతలు, స్లోవాక్ అమ్మమ్మలు
గుణింతాలు తొడుక్కుని నిలబడతారు.
శ కింద చ వత్తు పెట్టగానే
శ్చెపాన్‌స్కీ గారు కుదురుగా కూర్చున్నారు.

చావులు ఎనిమిది నిమిషాలు.
కోడితొడలు పౌను తొంభై తొమ్మిది సెంట్లు,
రెండుసార్లు చదవాలి,
వేళ్ళ మీద లెక్కేసుకునేవాళ్ళుంటారు.
కార్టూనే కష్టం:
"కుక్క సోఫా మీద ఉంది, మనిషి కింద ఉన్నాడు"
అని చెప్పి
నవ్వు రావడానికి కాస్త జాగా వదలాలి.
వచ్చిందో లేదో తెలీదు.

ఐదేళ్ళలో పేపరు
చుట్టాలొచ్చిన ఇంట చారులా పలచబడింది,
చుట్టాలెవరూ రాకుండానే.
ముందు సోమవారం పోయింది, తర్వాత మంగళవారం,
కౌన్సిల్ మీటింగుల్లో వెనక బెంచీ మీద
నిద్రాపుకుంటూ కూర్చునే కుర్రాడు పోయాడు.
నలభై పేజీలు పద్నాలుగయ్యాయి.
ఎర్రదీపానిది మాత్రం ఎప్పటి గంటే.

గోడ మీద కాగితం అంటించారు:
పేపర్లో లేనిది చదవరాదు.

నవంబరులో ఒక బుధవారం
అన్నీ అయిపోయి, వాతావరణం రెండుసార్లు అయిపోయి
ఇంకా పంతొమ్మిది నిమిషాలు మిగిలాయి.
కిటికీ వైపు తిరిగాను.
"మొదటి పేజీ. పొగమంచు.
మొనాంగహీలా కనిపించడం లేదు, వంతెన సగమే ఉంది,
ఆ సగం మీద ఇరవై రెండు కార్లు కదలడం లేదు.
లోపలి పేజీ. ఎదురు మేడ మీద ఒకావిడ
నిచ్చెనెక్కి 'అద్దెకు' బోర్డు విప్పుతోంది,
ఒక మేకు రావడం లేదు.
పక్కన పొడుగాటి ఇటుక గొట్టం, పొగ లేదు,
పాత మిల్లు కాబోలు."

అద్దం అవతల లొరెయిన్ పెట్రాకిస్
ఆపమని చెయ్యెత్తింది,
ఏమనుకుందో, ఆ చేత్తోనే కాఫీ కప్పు అందుకుంది.

దీపం ఆరకముందే ఫోను.
"మిల్లేమిటి! అది రొట్టెల ఫ్యాక్టరీ.
రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే
ఆ వాసనకి కడుపు కేకలేసేది.
ఎనభై తొమ్మిదిలో మూసేశారు. పేపర్లో వేశారుగా."
కాసేపు ఊపిరి చప్పుడు.
"మేకు వచ్చిందా?"

తర్వాతి బుధవారం ముందుగా అదే చదివాను:
"సవరణ. గత వారం పాత మిల్లు అని చదివినది
రొట్టెల ఫ్యాక్టరీగా గ్రహించగలరు.
పొరపాటుకు చింతిస్తున్నాం. మేకు వచ్చింది."

ఫోను మోగలేదు.
తప్పు లేకుండా చదివానన్నమాట.
ఆ పై వారం నార్త్ వెర్‌సేల్స్ మూడుసార్లు వచ్చింది,
ఒకసారి కావాలనే వెర్సాయ్ అన్నాను.
మోగలేదు.

ఇవాళ దీపం వెలగకముందే
చావుల పేజీ తెరిచి హెచ్ దాకా వచ్చాను,
పెన్సిల్ పట్టుకుని, ఏమీ రాయకుండా.
ఆ పేరు లేదు.
కోడితొడలు డాలరు తొమ్మిది సెంట్లయ్యాయి.
రెండుసార్లు చదివాను.